ఊపిరి, బరువు, నడక



దేవుడు మంటితో మనిషిని చేసి అతని ముక్కులో ఊపిరి ఊదిన సంగతి ఆదికాండము రెండవ అధ్యాయములో మనమందరము చదివినదే. ఆ ఊపిరి విలువ మనకు ఆయాసం వచ్చినప్పుడు గాని జ్ఞాపకం రాదు. మందిరం మెట్ల మీద ఒక సహోదరి రొప్పుతూ నిలబడితే, "ఒళ్లు పెరిగింది గదా, అందుకే" అని తేలికగా అనేస్తాము. ఆ మాట ఎంతవరకు నిజము? సన్నగా ఉన్నవారికి ఈ చింత అక్కరలేదా? ఈ నెల ఈ సంగతి ఆలోచించుదాము.

ఊపిరితిత్తులలో ఏమి జరుగుతుంది?

ఊపిరిని కొలిచే స్పైరోమీటరు గురించి 1846లో లండనులో జాన్ హచిన్సన్ అనే వైద్యుడు ప్రచురించాడు. ఆయన రెండు వేల మందికి పైగా పరీక్షించాడు. ఎత్తును బట్టి మనిషి ఊదగలిగే గాలి పెరుగుతుందనీ, బరువు మితిమీరితే తగ్గుతుందనీ చూపాడు. నేటికీ పెద్దాసుపత్రులలో గొట్టంలో గట్టిగా ఊదించి చేసే పరీక్ష ఇదే.

రొమ్ముకూ పొట్టకూ మధ్య గొడుగు ఆకారంలో ఒక కండరపు పొర ఉంది. ఊపిరి పీల్చినప్పుడు అది కిందికి దిగుతుంది. పొట్టలో కొవ్వు పేరుకుంటే ఆ పొర పైకి నెట్టబడుతుంది. రొమ్ము చుట్టూ ఉన్న కొవ్వు కూడా బరువై, ప్రతి ఊపిరికీ శ్రమ పెరుగుతుంది. పడుకుంటే ఇబ్బంది ఇంకా ఎక్కువ. అయినా చాలామంది స్థూలకాయులలో గట్టిగా ఊదగలిగే గాలి కొద్దిగా మాత్రమే తగ్గుతుంది. మామూలుగా ఊపిరి విడిచిన తర్వాత లోపల నిలిచే గాలి తగ్గడమే వారిలో ముఖ్యమైన మార్పు. బరువు తగ్గితే ఇది చాలావరకు బాగుపడుతుంది గనుక నిరాశపడనక్కరలేదు.

దమ్ము అంటే ఏమిటి?

ఊపిరితిత్తులు పీల్చిన ప్రాణవాయువును గుండె రక్తంతో పంపాలి, కండరాలు వాడుకోవాలి. గట్టిగా శ్రమించినప్పుడు నిమిషానికి ఎంత ప్రాణవాయువు వాడుకోగలమో అదే దమ్ముకు కొలత. ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు ఆర్చిబాల్డ్ హిల్ 1920వ దశకంలో ఈ కొలతకు పునాది వేశాడు.

ఒక ఉదాహరణ చూద్దాము. ఇద్దరు మనుష్యులు నిమిషానికి 2,400 మిల్లీలీటర్ల ప్రాణవాయువు వాడుకోగలరు అనుకోండి. ఒకరి బరువు 60 కిలోలు, మరొకరిది 80. మొదటివారికి కిలోకు 40 మిల్లీలీటర్లు, రెండవవారికి 30 మాత్రమే అందుతాయి. ఇద్దరి గుండె ఒకే పని చేసినా, రెండవవారు 20 కిలోల బియ్యం మూట మోస్తూ నడిచినట్లే. ఆయాసం రాక ఏమవుతుంది? ఆ మూట మోసేవారిని చూసి మనము నవ్వము గదా!

సన్నగా ఉంటే చాలునా?

అమెరికాలోని డల్లాస్ పట్టణంలో దాదాపు 22 వేల మంది పురుషులను పరిశీలించిన ఫలితాలు 1999లో వెలువడ్డాయి. సన్నగా ఉండి దమ్ము లేనివారిలో మరణాలు, లావుగా ఉన్నా దమ్ము గలవారిలో కంటే ఎక్కువగా కనబడ్డాయి. మోటారు సైకిలు దిగకుండా పొలం చూసివచ్చేవారు, బీడీ మానలేనివారు, కట్టెల పొగలో వంట చేసేవారు ఎంత సన్నగా ఉన్నా తమ ఊపిరి సంగతి ఆలోచించుకోవాలి.

మనము చేయవలసినవి

పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ఇస్తోంది. అంటే రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు. అలవాటు లేనివారు పది నిమిషాలతో ఆరంభించవచ్చు. నడుస్తూ మాట్లాడగలగాలి గాని కీర్తన పాడలేకపోవాలి. అదే సరియైన వేగము. మోకాళ్ల నొప్పి గలవారికి సైకిలు మేలు, శరీర భారము సీటు మోస్తుంది. బరువు తగ్గకముందే గుండెకూ కండరాలకూ బలం వస్తుంది. తూకం కదలలేదని నడక మానవద్దు.

నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకుండా చూసుకోవాలి. అన్నం కొంచెం తగ్గించి కూర, పప్పు పెంచుకోవడం ఇంటిల్లిపాదీ చేయగల పని.

ప్రతి ఆయాసాన్నీ ఒంటి మీదికి తోసివేయకూడదు. రక్తహీనత, ఉబ్బసం, గుండెజబ్బు కూడా ఆయాసం తెస్తాయి. ఛాతీలో నొప్పి, పాదాల వాపు, పడుకుంటే ఊపిరాడకపోవడం, గురక మధ్యలో ఊపిరి ఆగడం ఉంటే ఆలస్యం చేయక వైద్యునికి చూపించాలి. ప్రార్థన చేద్దాము, ఆసుపత్రికీ వెళదాము. సువార్త వ్రాసిన లూకా వైద్యుడే గదా.

మన దేహము పరిశుద్ధాత్మకు ఆలయమని పౌలు కొరింథీయులకు వ్రాశాడు. లావుగా ఉన్న సహోదరి దేహమూ ఆ ఆలయమే. ఎగతాళి మాట విన్నవారు నలుగురిలో నడవడానికి సిగ్గుపడి ఇంటిలోనే ఉండిపోతారు, బరువు ఇంకా పెరుగుతుంది. గనుక వేళాకోళం మాని, "రండి అక్కా, చెరువు గట్టు దాకా కలిసి నడుద్దాము" అని పిలుద్దాము. వారి అడుగుకు మన అడుగు తగ్గించుకొని నడుద్దాము. మనకు ఊపిరినిచ్చిన ప్రభువు మీ కుటుంబములను ఆరోగ్యముతో దీవించును గాక.