కారణం చెప్పనక్కర్లేని నౌకరీ

మిల్లులో చేసి రిటైరైన పెద్దవాళ్ళకు ఈ సంగతి ఎంత చెప్పినా మనసుకు ఎక్కదు. "నోటీసు ఇయ్యలేదా? చార్జిషీటు ఇయ్యలేదా? ఎంక్వైరీ పెట్టలేదా? మరి ఎట్ల తీసేసిన్రు?" అని అడుగుతరు. "ఇక్కడ అట్లాంటివి ఉండవు నాయినా, పొద్దున పిలిచి చెప్పిన్రు, మధ్యాహ్నానికి బయటకు పంపిన్రు" అని అమెరికాలో ఉన్న కొడుకు ఫోన్‌లో చెప్తాడు. పిల్లవాడు ఏదో తప్పు చేసి దాస్తున్నాడేమోనని పెద్దాయనకు లోపల అనుమానం. ఇప్పుడు మన బస్తీల నుంచి చదువుకుని అక్కడికి పోయిన పిల్లలు తక్కువేం లేరు. అందుకని ఆ దేశం కానూను ఈ విషయంలో ఏం చెప్తుందో తెలుసుకుంటే ఇంట్లో అనవసరమైన అనుమానాలు తగ్గుతాయి, అసలు పనికి టైము మిగులుతుంది.

మన దగ్గర లెక్క వేరు. 2025 దాకా నడిచిన 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం ఏడాదిలో 240 రోజులు నిండిన పనివాణ్ణి రిట్రెంచ్ చెయ్యాలంటే నెల నోటీసు గానీ నెల జీతం గానీ ఇవ్వాల్సి ఉండేది, పైన సర్వీసు ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం కట్టాల్సి ఉండేది. (పవర్‌లూమ్ షెడ్డులో హాజరీ పుస్తకంలో పేరే ఎక్కనివాడికి ఇది ఎంతవరకు దక్కిందో మనందరికీ తెలుసు, అది వేరే కథ.) దక్కినా దక్కకపోయినా, పనివాణ్ణి తీసెయ్యాలంటే ఒక కారణం, ఒక పద్ధతి ఉండాలనే మాట మన కానూనులో ఉంది.

అమెరికాలో ఆ మాటే లేదు. అక్కడి పద్ధతిని 'ఎట్ విల్' అంటారు, అంటే ఇష్టం ఉన్నంత వరకే నౌకరీ. యజమాని ఎప్పుడైనా, ఏ కారణంతోనైనా, అసలు కారణమే లేకుండానైనా తీసెయ్యొచ్చు. పనివాడు కూడా అట్లనే రేపటి నుంచి రానని చెప్పి పోవచ్చు. ఇద్దరికీ సమానమే కదా అని అక్కడి కంపెనీలవాళ్ళు అంటారు. ఇంటి కిరాయి కట్టాల్సిన మనిషికీ కంపెనీకీ సమానం ఎట్ల అవుతుందో వాళ్ళే చెప్పాలి.

ఈ పద్ధతి నిన్న మొన్నటిది కాదు. 1884లో టెనెసీ రాష్ట్రంలో ఒక రైల్వే కంపెనీ, ఫలానా వ్యాపారి దుకాణంలో సరుకు కొన్న పనివాణ్ణి తీసేస్తామని హుకుం వేసింది. దుకాణదారు కోర్టుకు పోయాడు. కారణం మంచిదైనా చెడ్డదైనా, అసలు లేకపోయినా పనివాణ్ణి తీసేసే హక్కు యజమానికి ఉందని ఆ కోర్టు చెప్పింది. తర్వాత దేశమంతా అదే నడిచింది. 50 రాష్ట్రాల్లో ఒక్క మోంటానా మాత్రం 1987లో చట్టం చేసి, ప్రొబేషన్ దాటినవాణ్ణి సరైన కారణం లేకుండా తీసెయ్యొద్దని చెప్పింది. యూనియన్ ఒప్పందం ఉన్నచోట కూడా కారణం చూపాలి. మన పిల్లలు చేసే కంప్యూటర్ కంపెనీల్లో యూనియన్ ఎక్కడిది?

మరి దీనికి అడ్డు ఏమీ లేదా అంటే, ఉంది. 1964 నాటి పౌర హక్కుల చట్టంలో ఏడో భాగం. జాతి, రంగు, మతం, ఆడ మగ తేడా, మూల దేశం – వీటిని బట్టి మనిషిని తీసెయ్యడం, తీసుకోకపోవడం, జీతం తగ్గించడం చట్టవిరుద్ధమని అది చెప్తుంది. 15 మంది, అంతకు మించి పనిచేసే చోట ఇది వర్తిస్తుంది. మూల దేశం అంటే పుట్టిన దేశం ఒక్కటే కాదు, తాతముత్తాతల దేశం, మాట్లాడే యాస కూడా ఇందులోకి వస్తాయి. అక్కడి పౌరుడు కానివాడికీ ఈ రక్షణ ఉంది.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. బట్టల పనిలో పుట్టి పెరిగిన మనకు ఆ కేసు తొందరగా అర్థమవుతుంది. 1969లో టెక్సాస్‌లోని సాన్ ఆంటోనియోలో ఫరా అనే ప్యాంట్ల కంపెనీకి ఒక మెక్సికన్ అమ్మాయి కుట్టుపని కోసం పోయింది. అక్కడ ఉండే హక్కు ఆమెకు ఉంది, పౌరసత్వం మాత్రం లేదు. పౌరులు కానివాళ్ళను పెట్టుకోం అని కంపెనీ వెనక్కి పంపింది. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. తీరా చూస్తే ఆ ఫ్యాక్టరీలో ఆ పని చేసేవాళ్ళలో నూటికి 97 మంది మెక్సికన్ మూలం వాళ్ళే! మెక్సికన్లంటే గిట్టక చేసింది కాదు, పౌరసత్వం చూసి చేసింది, ఈ చట్టంలో పౌరసత్వం మాట లేదు అని 1973లో కోర్టు ఆమెకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. రాసింది ఎవరో కాదు, ఆ కోర్టులో మొదటి నల్లజాతి న్యాయమూర్తి థర్‌గుడ్ మార్షల్. 1986లో ఇంకో చట్టం వచ్చి పౌరసత్వం పేరుతో చేసే వివక్షను కూడా ఆపింది గానీ, అది పౌరులకు, చాలావరకు గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకు, శరణార్థులకే. హెచ్-1బి మీద ఉన్నవాడు అందులోకి రాడు. అంటే, "నీకు వీసా చేయించలేం, వద్దు" అంటే కానూను ఒప్పుకుంటుంది. "నువ్వు ఇండియావాడివి, వద్దు" అంటే ఒప్పుకోదు. ఈ తేడా తెలియక చాలామంది మొదటిదాన్నే పట్టుకుని పోరాడాలని చూస్తారు.

యాస సంగతి కూడా అంతే. హొనోలులులో ఒక ఫిలిప్పీన్స్ మనిషి గుమాస్తా పరీక్షలో 721 మందిలో మొదటి మార్కు తెచ్చుకున్నాడు. కౌంటర్ దగ్గర జనంతో మాట్లాడే పని, నీ యాస అర్థం కాదు అని ఉద్యోగం ఇవ్వలేదు. 1989లో అప్పీలు కోర్టు కూడా నౌకరీ ఇవ్వనివాళ్ళ పక్షమే నిలిచింది. యాస వల్ల పనికి నిజంగా అడ్డం వస్తే తప్పు కాదు, రాకపోతే తప్పు. నా మట్టుకు నాకు ఆ తీర్పు నచ్చలేదు, అది వేరే మాట.

ఇదే చట్టం మన వైపుకూ తిరుగుతుంది. ఇండియావాళ్ళను పక్కకు నెట్టడం ఎంత తప్పో, ఇండియావాళ్ళనే పెట్టుకుని మిగతావాళ్ళను నెట్టడం కూడా అంతే తప్పు. 2024 అక్టోబరులో లాస్ ఏంజెలెస్‌లో ఒక జ్యూరీ కాగ్నిజెంట్ కంపెనీ విషయంలో అట్లనే తేల్చింది.

ఇక తీసేసినప్పుడు ఇదంతా ఎట్ల పనిచేస్తుంది? ఏ యజమానీ "నీ దేశం నచ్చక తీసేస్తున్న" అని కాగితం మీద రాసివ్వడు. పని బాలేదంటాడు, లేదా ఖర్చు తగ్గిస్తున్నామంటాడు. అప్పుడు కోర్టు చూసేది ఆ కారణం నిజమా, సాకా అని. పోయిన నెల దాకా బాగా చేస్తున్నావని మెచ్చుకున్న కాగితాలు ఉండి, కొత్త మేనేజరు రాగానే పని చేతకానివాడైపోతే అనుమానించొచ్చు. అదే తప్పు చేసిన ఇంకొకణ్ణి ఉంచి వీణ్ణి తీస్తే అదీ పనికొస్తుంది. ఎప్పుడో ఎవడో పక్క టేబులువాడు వెటకారంగా అన్న ఒక్క మాటతో కేసు నిలవదు. తీసేసే అధికారం ఉన్నవాడు, తీసేసే రోజుల్లో అంటే బరువు ఉంటుంది. చెప్పిన కారణం అబద్ధమని తేలినా, జ్యూరీ దాన్ని వివక్ష అనుకోవచ్చు, అనుకోకపోనూ వచ్చు. అందుకే పిల్లలకు ముందే చెప్పండి: జీతం పెంచిన ఉత్తరాలు, మెచ్చుకున్న మెయిళ్ళు, ఎవరు ఏ తేదీన ఏమన్నారో రాసిన నోటుబుక్కు ఇంట్లో ఉండాలి. కంపెనీ కంప్యూటర్‌లో దాచుకుంటే, తీసేసిన రోజే అది మూతపడుతుంది. కంపెనీ రహస్య కాగితాలు మాత్రం ఎత్తుకురావొద్దు, అది తిరిగి మెడకే చుట్టుకుంటుంది.

సరాసరి కోర్టుకు పోవడానికి లేదు. ముందు ఈఈఓసీ అనే సర్కారు సంస్థకు ఫిర్యాదు ఇవ్వాలి. ఫీజు లేదు, వకీలూ తప్పనిసరి కాదు. గడువు 180 రోజులు, ఆ రాష్ట్రంలోనూ ఇట్లాంటి చట్టం నడిపే ఆఫీసు ఉంటే 300 రోజులు. ఆ సంస్థ నుంచి దావా వేసుకోమని ఉత్తరం వచ్చాక 90 రోజుల్లో వెయ్యాలి. ఇండియాకు తిరిగొచ్చి కూర్చున్నా ఈ గడువులు ఆగవు. గెలిస్తే పోయిన జీతం వస్తుంది. మానసిక బాధకు, శిక్షగా ఇప్పించే సొమ్ముకు మాత్రం హద్దు ఉంది: కంపెనీ సైజును బట్టి 50 వేల నుంచి 3 లక్షల డాలర్ల దాకా. ఫిర్యాదు చేశాడని కక్ష గట్టి ఏమైనా చేస్తే అదీ చట్టవిరుద్ధమే.

ఈ 300 రోజుల పక్కనే ఇంకో గడియారం తిరుగుతుంటుంది. హెచ్-1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోయాక దేశంలో ఉండడానికి ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. ఆలోపు కొత్త కంపెనీ దొరకాలి, లేదా సర్దుకోవాలి. ఆ తొందరలోనే కంపెనీ ఒక కాగితం ముందు పెడుతుంది: ఇన్ని వారాల జీతం ఇస్తాం, దావా వెయ్యనని సంతకం పెట్టు అని. చేతిలో డబ్బు లేనివాడు పెట్టేస్తాడు. తప్పు పట్టలేం, కానీ ఒక వకీలుకు చూపించి పెట్టమనండి. ఇంకో కాగితం కూడా వస్తుంది, నువ్వే రాజీనామా ఇచ్చినట్టు రాయి, రికార్డు బాగుంటుందని. దానికి తొందరపడొద్దు. వీసా గడువు తీరకముందే కంపెనీ తీసేస్తే ఆ మనిషి ఇండియాకు తిరిగి రావడానికి అయ్యే ఖర్చు కంపెనీయే భరించాలి. రాజీనామా రాసిస్తే అదీ పోతుంది. భార్యాబిడ్డల టికెట్లు ఎట్లైనా మన ఖర్చే.