రాధ అలక, నాగరత్నమ్మ పీఠిక

సిగ్గూ శరం ఆడవాళ్లకేనా, మగవాళ్లకు అక్కర్లేదా అని 1910లో ఒక గాయని అచ్చులో అడిగారు. మరుసటి ఏడు పోలీసులొచ్చి ఆ పుస్తకం ప్రతులు పట్టుకుపోయారు.

సంగీతంలో, సాహిత్యంలో ఆడవాళ్లు తమ కోరికను తామే చెప్పుకోవడం మీద ముఖచిత్ర కథనం అనుకోగానే ముందుగా తోసుకొచ్చినవి ఈనాటి పేర్లే. పాప్ గాయనులు, వెబ్ సిరీస్‌లు, సెన్సార్ గొడవలు. గడువు దగ్గరపడేకొద్దీ అవన్నీ ఒక్కొక్కటిగా పక్కకు తప్పుకున్నాయి. చివరికి బల్ల మీద మిగిలింది నూరేళ్లు దాటిన ఒక పీఠిక. ముద్దుపళని రాసిన ‘రాధికాసాంత్వనము’కు బెంగళూరు నాగరత్నమ్మ 1910లో రాసిన ముందుమాట అది. దాని ముందు ఇప్పటి వాదోపవాదాలు చాలామటుకు చప్పగా కనిపిస్తాయి.

నాగరత్నమ్మ పేరు చెబితే సంగీతం తెలిసినవాళ్లకు తిరువయ్యారు గుర్తొస్తుంది. త్యాగరాజ సమాధికి గుడి కట్టించిన మహాతల్లిగా ఆమెకు దండం పెడతారు. 1878లో మైసూరు రాజ్యంలోని నంజనగూడులో దేవదాసి కుటుంబంలో పుట్టి, మద్రాసులో స్థిరపడి, కచేరీలతో సంపాదించిన సొమ్మంతా ఆ గుడికే ధారపోశారు. ఆ భక్తురాలి బొమ్మ ఎంత పెద్దదైపోయిందంటే, దాని వెనక ఉన్న పండితురాలు, సంపాదకురాలు కనపడకుండా పోయింది. ఈ కథనానికి కావలసింది ఆ సంపాదకురాలే.

తంజావూరు రాజుల నాటి తెలుగు సాహిత్యం గురించిన ఒక వ్యాఖ్యలో ముద్దుపళని ప్రస్తావన చూసి నాగరత్నమ్మ ఆ కావ్యం కోసం వెతికారు. దొరికిన అచ్చుప్రతి తృప్తినివ్వలేదు. 1887లో పైడిపాటి వెంకటనరసు దాన్ని పరిష్కరించి వేశారు, 1907లో మళ్లీ అచ్చయింది. అందులో కొన్ని పద్యాలు లేవు. అంతకంటే ముఖ్యంగా, కవయిత్రి తన గురించి తాను చెప్పుకున్న అవతారిక లేదు. తర్వాత చేతిరాత ప్రతి ఒకటి సంపాదించి, రెండూ పక్కపక్కన పెట్టి, లోపించినవన్నీ చేర్చి, వావిళ్ల రామస్వామి శాస్త్రులు అండ్ సన్స్ ద్వారా 1910లో కొత్త ప్రతి తెచ్చారు. ఎన్నిసార్లు చదివినా తనివి తీరలేదని, ఇంత రసవంతమైన కావ్యాన్ని రాసింది ఒక స్త్రీ, అందులోనూ తమ కులంలో పుట్టిన స్త్రీ కావడంతో సరైన రూపంలో అచ్చు వేయించక తప్పలేదని పీఠికలో చెప్పుకున్నారు.

ఆ రోజుల్లో తమ కులం అని అచ్చులో రాయడం చిన్న విషయం కాదు. భోగం మేళాలను బహిష్కరించాలని పెద్దమనుషులు సభలు పెడుతున్న కాలమది.

వెంకటనరసు ప్రతిలో లేని అవతారికలో ఏముంది? పద్దెనిమిదో శతాబ్దపు ముద్దుపళని, తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుడి కొలువులోని కళావంతురాలు, తన పరంపరను ఆడవాళ్ల వైపు నుంచి చెప్పుకుంది. నాయనమ్మ తంజనాయకి ఆ వరుసలో పెద్ద. ఆ తర్వాత తన గురించి మొహమాటం లేకుండా రాసుకుంది. పండితులను కానుకలతో సత్కరించిన ఆడది తన తోటివాళ్లలో ఇంకెవరున్నారని, కావ్యాలను అంకితం పుచ్చుకున్న ఆడది ఇంకెవరున్నారని అడిగింది. అంకితమిచ్చే చెయ్యి కవిది, పుచ్చుకునే చెయ్యి రాజుది అనుకునే లోకంలో ఒక ఆడది, అదీ కొలువులో ఆడే పాడే ఆడది, అంకితాలు పుచ్చుకున్నానని చెప్పుకుంటోంది. శృంగారం లేని ఈ భాగమే ముందు అచ్చులోంచి జారిపోయింది. నాగరత్నమ్మ పరిష్కరణకు అసలు విలువ దాన్ని వెనక్కి తేవడంలోనే ఉంది.

ఇక కావ్యం. నాలుగు ఆశ్వాసాలు, 584 పద్యాలు. వయసులో పెద్దదైన రాధ ఇళ అనే పిల్లను చిన్నతనం నుంచి పెంచుతుంది. ఆమెను తానే కృష్ణుడికిచ్చి పెళ్లి చేస్తుంది. తొలిరాత్రికి ముందు ఇళకు ధైర్యం చెబుతుంది, ఆ పిల్లతో మెత్తగా మసలుకోమని కృష్ణుడికీ బుద్ధులు చెబుతుంది. తీరా తలుపులు మూసుకున్నాక తట్టుకోలేకపోతుంది. కృష్ణుడు తనను మరిచాడని మండిపడుతుంది. అతను వచ్చి బతిమాలి, బుజ్జగించి, అలక తీర్చాలి. మన కావ్యాల్లో అలిగే నాయికలకు కొదవ లేదు. ఇక్కడ తేడా ఏమిటంటే కోరుకునేది, చొరవ చేసేది, తనకు తృప్తి కలిగిందో లేదో తేల్చేది రాధే. ఇంకో స్త్రీని సిద్ధం చేస్తున్నప్పుడు కూడా ఆ పిల్లకు నొప్పి కలగకూడదన్న ధ్యాస ఆమెది. మగకవి కళ్లతో చూసిన శృంగారంలో ఈ ధ్యాస అరుదు.

ఈ కావ్యం కందుకూరి వీరేశలింగం గారికి నచ్చలేదు. ‘ఆంధ్రకవుల చరిత్రము’లో ముద్దుపళని సంగీత నాట్యాల పరిజ్ఞానాన్ని, సంస్కృతాంధ్ర పాండిత్యాన్ని ఆయన ఒప్పుకున్నారు. కానీ పుస్తకంలో కొన్ని చోట్లు ఆడవాళ్లు వినడానికే తగవని, ఆడదాని నోట రావడం మరీ దారుణమని తీర్పు చెప్పారు. పుట్టిన కులాన్నీ ఎత్తిచూపారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించి, ఊరంతా వెలేసినా వెనక్కి తగ్గని మనిషి ఆయన. ఆడపిల్లల చదువు కోసం ఆయన పడ్డ పాట్లు తెలుగువాళ్లు మరిచిపోకూడదు. అందుకే ఆ తీర్పు ఇంకా బాధపెడుతుంది. ఆయన సంస్కరణలో విధవకు మళ్లీ పెళ్లి ఉంది, బాలికకు బడి ఉంది, తన ఒంటి సంతోషం గురించి తానే మాట్లాడే ఆడదానికి మాత్రం చోటు లేదు.

నాగరత్నమ్మ జవాబు పీఠికలోనే ఉంది. ఆమె దండం పెట్టి వేడుకోలేదు, ఇది జీవాత్మ పరమాత్మల కథ అని భక్తి ముసుగూ కప్పలేదు. నేరుగా కొలబద్దనే నిలదీశారు. సిగ్గు, మర్యాద అనేవి ఆడవాళ్లకు మాత్రమే వర్తిస్తాయా, మగవాళ్లకు వర్తించవా? వేశ్య గనక సంకోచం లేకుండా రాసిందంటారా, మరి పెద్దమనుషులనిపించుకున్న కవులు రాసినవి ఇంతకంటే ఏం తక్కువ? వీరేశలింగం పంతులుగారే దగ్గరుండి సరిచూసి అచ్చుకు ఒప్పుకున్న ‘వైజయంతీవిలాసము’లో ఇంతకు మించిన వర్ణనలు లేవా?

ఈ చివరి ఉదాహరణ ఊరికే ఎంచుకున్నది కాదు. సారంగు తమ్మయ రాసిన ఆ కావ్యం విప్రనారాయణుడి కథ. దేవదేవి అనే వేశ్య పరమభక్తుడిని వలలో వేసుకోవడమే అందులో ప్రధాన ఘట్టం. అంటే వేశ్య కథలో పాత్రగా ఉండి, మగవాడు ఆమె చేతలు వర్ణిస్తే అది ప్రబంధం. ఆ వేశ్యే గంటం పట్టుకుంటే అశ్లీలం. నాగరత్నమ్మ సిద్ధాంతాలేమీ చెప్పలేదు. రెండు పుస్తకాలు ఎదురెదురుగా పెట్టి, వీటిని ఒకే తక్కెడలో ఎందుకు తూచరని అడిగారు. స్త్రీవాద విమర్శ అనే పేరు తెలుగులో పుట్టడానికి డెబ్బై ఏళ్ల ముందు ఇంత శుభ్రమైన స్త్రీవాద విమర్శ వచ్చింది.

మర్యాదస్తులకు ఇది మింగుడుపడలేదు. ఒక వేశ్య రాసినదాన్ని మరో వేశ్య అచ్చు వేయించిందని పత్రికల్లో దూషించారు. 1911లో ప్రభుత్వ అనువాదకుడు అభ్యంతరకరమనిపించిన భాగాలను ఇంగ్లీషులో పెట్టి ఇచ్చాడు. మద్రాసు పోలీసు కమిషనర్ కనింగ్‌హామ్ ప్రతులన్నీ జప్తు చేయించాడు. పండితులు విజ్ఞప్తులు పెట్టుకున్నా లాభం లేకపోయింది. 1927లో వావిళ్ల వారి మీద మళ్లీ దాడి జరిగింది. చివరికి టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా ఉండగా 1947లో నిషేధం తొలగింది. 1952లో వావిళ్ల వారు పుస్తకం మళ్లీ వేశారు. అదే ఏడాది మే 19న నాగరత్నమ్మ కన్నుమూశారు.

చరిత్రను క్లుప్తంగా చెప్పుకుంటే ఇదీ వరుస. పదిహేడో శతాబ్దంలో తంజావూరు నాయకరాజులు తెలుగును కొలువు భాష చేశారు. విజయరాఘవ నాయకుడి కొలువులో పసుపులేటి రంగాజమ్మ కావ్యాలు రాసింది. తర్వాత వచ్చిన మరాఠాలు ఆ పద్ధతినే కొనసాగించారు. 1855లో ఇంగ్లీషువాళ్లు తంజావూరును కలిపేసుకున్నాక కళాకారులు మద్రాసు దారి పట్టారు. 1893లో మేజువాణీలకు వ్యతిరేకంగా గవర్నరుకు, వైస్రాయికి అర్జీలు వెళ్లాయి. 1927లో మద్రాసు శాసనమండలిలో ముత్తులక్ష్మీ రెడ్డి దేవదాసీ వ్యవస్థ రద్దు కోసం గొంతెత్తితే, నాగరత్నమ్మ తోటి కళావంతులను కూడగట్టి ఎదురు నిలిచారు. ఆడపిల్లలను బలిచేసే దురాచారమని ఒక స్త్రీ, మా ఆస్తిహక్కును, కళను, పరువును ఒక్క వేటుతో నరికేస్తున్నారని మరో స్త్రీ. ఇద్దరి మాటలోనూ నిజముంది. దేవదాసి అంకితాలను నిషేధిస్తూ మద్రాసు చట్టం వచ్చింది 1947లోనే. దేవదాసి రాసిన పుస్తకానికి విడుదల దొరికిన ఏడాదే ఆ వృత్తికి తెరపడింది.

తిరువయ్యారులోనూ నాగరత్నమ్మ పోరాటం ఇదే. త్యాగరాజ ఆరాధనలో పురుషుల వర్గాలు రెండు తమలో తాము కలహించుకుంటూనే, ఆడవాళ్లను పాడనివ్వకూడదన్న దగ్గర ఒక్కటయ్యాయి. నాగరత్నమ్మ ఆడవాళ్లతో సొంత బృందం కట్టి వేరుగా ఆరాధన జరిపించారు. 1940 ప్రాంతంలో అందరూ ఒక్క వేదిక మీదికొచ్చారు. ఆమె తన ఆస్తిని ట్రస్టుకు రాసిస్తూ, దేవదాసీలతో సహా స్త్రీలు అక్కడ పాడే హక్కుకు భంగం రాకూడదని షరతు పెట్టారు. పీఠికలో అడిగిన ప్రశ్నకు వీలునామాలో ఆమె తనవంతు జవాబు రాసిపెట్టారు.

ముద్దుపళని పేరు దేశమంతా తెలిసింది 1991లో. సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో వచ్చిన ‘విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా’ మొదటి సంపుటం ఈ నిషేధం కథతోనే మొదలవుతుంది. హైదరాబాదులో కూర్చుని వాళ్లు చేసిన ఆ పని లేకపోతే ఈ పీఠిక ఈనాటి పాఠకుల దాకా వచ్చేది కాదు. రాధికాసాంత్వనం ఇకపై ఏ ప్రచురణకర్త వేసినా పద్యాలకు ముందు ఆ పీఠిక పూర్తి పాఠం ఉండాలి. అది లేకుండా వేస్తే 1887 నాటి కోతే మళ్లీ కోసినట్టు.

పదం పట్టిన గొంతులు

క్షేత్రయ్య పదాల్లో మాట్లాడేది ఎక్కువగా ఆడదే, రాసింది మాత్రం మగవాడు. అయినా వాటిని మూడు వందల ఏళ్లు బతికించినవాళ్లు కళావంతులు. చౌకకాలంలో సాగే పదాన్ని చాలాసార్లు అనుపల్లవితోనే ఎత్తుకుంటారు. ఒకే పాదాన్ని పదేపదే పాడుతూ, ప్రతిసారీ ముఖంలో ఒక కొత్త అర్థం చూపిస్తారు. ఒకసారి ఎత్తిపొడుపు, ఒకసారి ఆశ, ఇంకోసారి తెగతెంపులు. రాసినవాడికి తోచని అర్థాలు కూడా ఆడే మనిషి అందులోకి తెస్తుంది. వీణ ధనమ్మాళ్ మనవరాలు, నర్తకి బాలసరస్వతి ఈ తెలుగు పదాలను, జావళీలను ఆఖరిదాకా వదల్లేదు. రుక్మిణీదేవి అరుండేల్ భరతనాట్యంలో శృంగారాన్ని తగ్గించి భక్తిని పెంచుతుంటే, బాలసరస్వతి ఒప్పుకోలేదు. అన్ని భావాల్లోకీ శృంగారమే మిన్న అని, దాన్ని బయటివాళ్లు శుద్ధి చేయాల్సిన పని లేదని 1975లో తమిళ ఇసై సంగంలో అధ్యక్షోపన్యాసంలో చెప్పారు.

గోదావరి గడపల్లో

దేవదాసి అంకితాలను నిషేధించిన చట్టం వచ్చాక గోదావరి జిల్లాల కళావంతుల ఇళ్లలో పదాలు, జావళీలు తలుపుల వెనక్కి వెళ్లాయి. పెళ్లిళ్లలో మేళాలు పోయాయి, గుళ్లో కొలువులు పోయాయి, నేర్చుకున్న పాట మాత్రం ఎక్కడికి పోతుంది? బయటివాళ్లకు వినపడకుండా తమలో తాము పాడుకున్న ఆ స్త్రీల జ్ఞాపకాలను పరిశోధకుడు దావేష్ సొనేజీ 2012లో వచ్చిన తన పుస్తకంలో నమోదు చేశారు. పశ్చిమ గోదావరి బల్లిపాడు మదనగోపాలస్వామి ఆలయంలో ఆడిన సరిదె మాణిక్యమ్మ దగ్గర నర్తకి స్వప్నసుందరి నేర్చుకుని వేదిక మీదికి తెచ్చిన నాట్యానికి ఆరుద్ర ‘విలాసినీ నాట్యం’ అని పేరు పెట్టారు.

మళ్లీ అదే మాట

1980ల్లో తెలుగులో స్త్రీవాద కవిత్వం వచ్చినప్పుడు, ఒంటి గురించి ఆడవాళ్లే రాయడం చూసి కొందరు విమర్శకులు దాన్ని నీలి కవిత్వమన్నారు. జయప్రభ పైట మీద రాస్తే, కొండేపూడి నిర్మల పురిటి గది మీద రాస్తే, అవి బూతుల కింద లెక్కకొచ్చాయి. 1993లో ఓల్గా సంపాదకత్వంలో వచ్చిన స్త్రీవాద కవితల సంకలనానికి ‘నీలిమేఘాలు’ అని పేరు పెట్టి, ఆ తిట్టును అట్ట మీదికే ఎక్కించారు.