నీటిలో కరగని పసుపు: కుర్కుమిన్ నానో కణముల నిర్మాణము

పసుపు పొడిని నీటిలో కలిపి కొంతసేపు కదలక యుంచినచో పొడి అడుగునకు దిగును. పైనీరు చాలవఱకు తేటపడును. అదే పొడిని కాగిన నూనెలో వేసిన మఱుక్షణమున నూనె యంతయు బంగారు వన్నె తాల్చును. వంటయింట ప్రతిదినము కనుపించు ఈ చిన్న భేదమునందే ఔషధ శాస్త్రజ్ఞులను చిరకాలముగా వేధించుచున్న యొక చిక్కు ఇమిడియున్నది. పసుపునకు వన్నె నిచ్చు పదార్థము నూనెలోను, ఆల్కహాలులోను కరగును. నీటిలో దాదాపుగా కరగదు. మానవ శరీరమో, ప్రధానముగా నీటిమయము.

ఆ పదార్థమే కుర్కుమిన్. 1815లో వోగెల్, పెల్లెటియే అను శాస్త్రజ్ఞులు దీనిని పసుపు నుండి వేఱుపఱచిరి. 1910లో మిలోబెడ్జ్‌కా, కొస్తానెట్‌స్కీ, లాంపే అనువారు దీని అణునిర్మాణమును నిర్ణయించిరి. దుగ్గిరాల, నిజామాబాదు విపణులకు వచ్చు పసుపైనను, తెలుగు కుటుంబములు తరతరములుగా స్థిరపడియున్న ఈరోడు సీమలోని పసుపైనను, మహారాష్ట్రమున సాంగ్లీ పసుపైనను, అందలి ముఖ్యమగు వర్ణద్రవ్య మిదియే. పొడిలో దీని పాలు స్వల్పము. నూటికి సుమారు మూడు వంతులు మాత్రమే. కావున పసుపును గూర్చి చెప్పుమాట వేఱు, కుర్కుమిన్‌ను గూర్చి చెప్పుమాట వేఱు. ఈ రెంటిని కలగాపులగము చేయుటవలననే పెక్కు భ్రమలు పుట్టినవి.

కరగకుండుట యొక్కటియే దీని దోషము కాదు. శుభకార్యములందు దిష్టి తీయుటకు పసుపు నీటిలో సున్నము కలిపి ఎఱ్ఱనీళ్ళు చేయుట తెలుగువారందఱు ఎఱిగినదే. సున్నపు క్షారగుణము సోకగనే కుర్కుమిన్ అణువు ఒక హైడ్రోజను కేంద్రకమును కోల్పోయి ఎఱ్ఱబాఱును. అట్టి స్థితిలో అది నిలువజాలక శీఘ్రముగా విచ్ఛిన్నమగును. సున్నమంతటి తీవ్రక్షారమే అక్కఱలేదు. రక్తమున కున్నంతటి స్వల్ప క్షారగుణము గల లవణజలములో, శరీరపు వేడిమి యొద్ద, అరగంటలో నూటికి తొంబది వంతులు నశించునని 1997లో ప్రకటింపబడిన ప్రయోగములు చూపినవి. రక్తమునందలి మాంసకృత్తులు దానిని కొంతవఱకు కాపాడునన్న మాటయు నిజమే. ఇక వెలుతురు సంగతి: బట్టపై పడిన పసుపు మరక ఉదికిన పోక, ఎండలో ఆఱవేసిన పోవుట చూడని గృహిణి యుండదు. ఎండలో నశించునది ఈ అణువే.

ఈ గండములన్నియు గడచి ప్రేగు గోడను దాటిన కొలదిపాటి కుర్కుమిన్‌నకు ప్రేగులయందును కాలేయమందును చక్కెర జాతి ఆమ్లమొకటి తగిలింపబడును. అట్లు మాఱినది వేగముగా విసర్జింపబడును. బెంగుళూరులోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాలవారు 1998లో ప్రకటించిన పరిశోధన ఇచ్చట స్మరింపదగినది. ఆరోగ్యవంతులగు వ్యక్తులకు రెండు గ్రాముల కుర్కుమిన్ నిచ్చినను రక్తములో అది కానరాలేదు, లేదా అత్యల్పముగా నుండెను. అంతే మోతాదుతో మిరియములలోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు కలిపి యిచ్చినప్పుడు మొదటి గంటలోపల రక్తములోని పాలు ఎన్నో రెట్లు పెరిగినది. మొత్తముమీద వృద్ధి నూటికి 2000 వంతులుగా లెక్కింపబడినది. అత్యల్పము ఇరువది రెట్లు పెరిగినను స్వల్పముగనే యుండునని మాత్రము చదువరి మఱువరాదు. పైపరిన్ కాలేయపు పనిని మందగింపజేయును. ఆ మందగింపు రోగి పుచ్చుకొను ఇతర ఔషధములకును వర్తించును.

అణువును మార్పక, శరీరపు పనిని అడ్డక, కణపు పరిమాణమును మాత్రము తగ్గించుట మఱియొక మార్గము. నానోమీటరనగా మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు. మిల్లీమీటరు భుజము గల ఘనమును నూఱు నానోమీటరుల భుజము గల ఘనములుగా ఖండించినచో లక్షకోటి ముక్కలగును. ఆఱు చదరపు మిల్లీమీటరులుగా నుండిన ఉపరితలము అఱువదివేల చదరపు మిల్లీమీటరులగును. పదార్థము కరగు వేగము దాని ఉపరితలమును బట్టి యుండును. పటికబెల్లపు గడ్డకంటె దాని పొడి త్వరగా కరుగుట ఈ కారణముననే.

అంత చిన్న కణములను రోటిలో నూఱి సాధింపజాలము. ప్రయోగశాలలో సులభమగు పద్ధతి యిది: కుర్కుమిన్‌ను ఆల్కహాలులోనో ఎసిటోనులోనో కరగించి, వేగముగా చిలుకబడుచున్న నీటిలోనికి సన్నని ధారగా విడుతురు. ఆ ద్రవము నీటిలో కలిసిపోవును. కుర్కుమిన్‌నకు నిలువ నీడ లేక ఒక్కసారిగా లెక్కలేనన్ని చోట్ల కణములుగా విడివడును. చిలుకుట మందగించినచో కణములు పెరిగి పెద్దవగును. కణములను పుట్టించుట కంటె వానిని నిలుపుట కష్టము. అవి ఒకదానినొకటి అంటుకొని గడ్డకట్టును. మఱియు చిన్నవి కరిగి ఆ ద్రవ్యము పెద్దవానిపై పేరుకొనును. ఇది జరుగకుండ పాలలోని కేసీన్, రక్తములోని ఆల్బుమిన్, పాలీవినైల్ ఆల్కహాలు వంటి వానిని ముందుగనే నీటిలో కలుపుదురు. ఇవి కణము చుట్టును కవచమువలె నిలుచును. పిమ్మట కరగించిన ద్రవమును ఆవిరిచేసి, శీతలస్థితిలో ఆఱబెట్టి పొడిచేయుదురు. ఆ పొడి మరల నీటిలో కలిపినప్పుడు మొదటి పరిమాణమునే చూపవలయును. పెక్కు ప్రయత్నములు ఈ మెట్టుననే తప్పిపోవును.

వేపాకు కషాయముతో వెండి, బంగారు నానో కణములను చేయు పద్ధతి వేఱు. పూనా జాతీయ రసాయన ప్రయోగశాలలో జరిగి 2004లో వెలువడిన పరిశోధన ఆ మార్గమున ప్రసిద్ధము. అందు కణము లోహము. మొక్క దానిని లవణము నుండి విడిపించు సాధనము మాత్రమే. ఇచ్చట మొక్కలోని మందే కణము.

ఈ మార్గము నిజముగా ఫలించిన ఉదాహరణము పసుపుది కాదు, పసిఫిక్ తీరపు యూ వృక్షముది. 1962లో సేకరింపబడిన దాని పట్ట నుండి మన్రో వాల్, మహారాష్ట్రమున నందుర్బారులో జన్మించిన మన్‌సుఖ్ వానీ అనువారు పాక్లిటాక్సెల్‌ను వేఱుపఱచి, 1971లో దాని నిర్మాణమును ప్రకటించిరి. 1992లో ఇది క్యాన్సరు ఔషధముగా అమెరికాలో ఆమోదము పొందెను. ఇదియు నీటిలో కరగదు. అందుచేత ఆముదము నుండి తయారగు ద్రావకములో ఆల్కహాలుతో కలిపి ఎక్కింపవలసివచ్చెను. ఆ ద్రావకమే కొందఱు రోగులకు తీవ్రమగు ప్రతిచర్య కలిగించుచుండుటచే ముందుగా స్టెరాయిడు మందులిచ్చుట నియమమైనది. రోగమునకు మందు, మందునకు మఱియొక మందు! తరువాత ఈ పాక్లిటాక్సెల్‌నే ఆల్బుమిన్‌తో కూర్చి, మిక్కిలి యొత్తిడితో సన్నని సందుగుండ పంపి, సుమారు 130 నానోమీటరుల కణములుగా చేసిరి. ఇది 2005లో ఆమోదింపబడెను. వ్యాపించిన రొమ్ము క్యాన్సరు గల రోగులపై రెంటిని పోల్చిన పరీక్షలో పాత మందునకు నూటికి 19 మందిలో కణితి తగ్గగా, క్రొత్తదానికి 33 మందిలో తగ్గెను. మూడు గంటలు ఎక్కింపవలసిన మందు అరగంటలో ముగిసెను.

కుర్కుమిన్ నానో కణములకు ఇట్టి పరీక్షాఫలము ఇంకను చేకూరలేదు. 2017లో వెలువడిన యొక విస్తృత సమీక్ష ఈ అణువు అస్థిరమనియు, ప్రయోగనాళికలలో అది చూపు ఫలములు పెక్కు మోసపుచ్చునవనియు వాదించినది. పైగా రక్తపరీక్షలందు చక్కెర ఆమ్లమును ఎంజైముతో తొలగించి, మొత్తమును కుర్కుమిన్‌గా లెక్కించు వాడుక కలదు. అట్టి లెక్కలో స్వేచ్ఛగా నున్న అసలు మందు ఎంతయో తెలియదు. సీసాపై ఎన్ని రెట్లని వ్రాసినను, వేనికి రెట్లో, దేనిని కొలిచిరో అడుగక నమ్మదగదు.

ఎక్కువ లోపలికి పోవుటయే మేలనుటయు సరికాదు. పసుపు సంబంధమగు కాలేయ హానిని గూర్చి అమెరికాలోని పరిశోధకుల సమూహమొకటి 2022లో ప్రకటించిన పరిశీలనలో పదిమంది రోగులు పేర్కొనబడిరి. అందు ఒకరు కాలేయము చెడి మరణించిరి. పదిమందిలో ఏడుగురియందు ఒకే జన్యులక్షణము కనబడినది. పరీక్షింపబడిన ఏడు ఉత్పత్తులన్నిటను పసుపుండెను. మూడింట పైపరిన్ కూడ నుండెను. కూరలో వేయు చిటికెడు పసుపునకు ఈ లెక్క వర్తింపదు.