గ్రామీణ కౌంటీలో ఆరోగ్య భాగస్వామ్యం: ఫ్రాంక్లిన్ నలభై ఏళ్ళ అనుభవం

అమెరికా సంయుక్త రాష్ట్రాల ఈశాన్యపు కొసన, కెనడా సరిహద్దును ఆనుకొని మెయిన్ రాష్ట్రం ఉంది. అందలి 16 కౌంటీలలో ఫ్రాంక్లిన్ ఒకటి. సుమారు 4,400 చదరపు కిలోమీటర్ల భూభాగంలో 1970 జనగణన నాటికి 22,444 మంది, 2010 నాటికి 30,768 మంది నివసించేవారు. మన ప్రాంతంలో ఒక్క మండలంలో కనిపించే జనసంఖ్య కంటే ఇది తక్కువ; విస్తీర్ణంలో మాత్రం ఒక చిన్న జిల్లాకు సాటి వస్తుంది. అడవులు, కలప, కాగితపు మిల్లులు, పాదరక్షల కర్మాగారాలు, చలికాలంలో మంచుకొండల పర్యాటకం ఆ దశాబ్దాలలో అక్కడి జీవనాధారాలుగా ఉండేవి. కుటుంబ ఆదాయం తక్కువ, వైద్యుడు దూరం, ఇళ్ళు చెదురుమదురు. ఆదాయం తగ్గిన కొద్దీ మరణాల రేటు పెరగడం మెయిన్ కౌంటీలన్నిటా స్పష్టంగా కనిపించే ధోరణి. ఆ లెక్కన ఫ్రాంక్లిన్‌లో మరణాలు ఎక్కువగా ఉండవలసింది. కాని 1970 నుండి 2010 వరకు, ఆదాయాన్ని బట్టి ఊహించదగిన స్థాయి కంటే నిలకడగా తక్కువ మరణాల రేటు నమోదైన కౌంటీ ఆ రాష్ట్రంలో ఇదొక్కటే.

ఈ ఫలితాన్ని అమెరికా వైద్య సంఘపు పత్రిక 2015 జనవరిలో ప్రచురించింది. వైద్యరంగంలో దీనిపై చర్చ విస్తారంగానే జరిగింది. వ్యవసాయ విస్తరణ రంగం మాత్రం దీనిని అంతగా గమనించినట్లు లేదు. గమనించవలసిన అవసరం ఉన్నదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. అక్కడ పనిచేసింది కొత్త ఔషధం కాదు, కొత్త యంత్రమూ కాదు. విస్తరణ శాస్త్ర విద్యార్థి మొదటి సంవత్సరంలోనే చదువుకొనే అవసరాల మదింపు, స్థానిక నాయకత్వం, పునఃసందర్శనం, నమోదు అనే పాత పనులనే అక్కడ నాలుగు దశాబ్దాలు విడవకుండా చేశారు.

కౌంటీ అనే మాట మన పాఠకులకు పరాయిది కాదు. 1862 నాటి మోరిల్ చట్టం ద్వారా ఏర్పడిన భూదాన విశ్వవిద్యాలయాల జ్ఞానాన్ని రైతు వాకిటికి చేర్చడానికి 1914లో స్మిత్–లీవర్ చట్టం సహకార విస్తరణ వ్యవస్థను నెలకొల్పింది. ఆ వ్యవస్థకు పునాది ప్రమాణం కౌంటీయే. వ్యవసాయ ప్రతినిధితో పాటు ఆహార నిల్వ, పోషణ, గృహ పరిశుభ్రత వంటి విషయాలు బోధించే గృహవిజ్ఞాన ప్రతినిధులు కూడా తొలినుండీ అందులో పనిచేశారు. 1964లో స్థాపించబడిన మన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆ నమూనాలోనే రూపుదిద్దుకొన్నది. ఆరోగ్యం విస్తరణకు అతిథి విషయం కాదని చెప్పడానికి ఈ చరిత్ర చాలు. అమెరికా సహకార విస్తరణ వ్యవస్థ 2014లో ఆరోగ్య, శ్రేయస్సులకు జాతీయ ప్రణాళికా చట్రాన్ని రూపొందించుకొని, 2021లో దానిని ఆరోగ్య సమానత్వం కేంద్రంగా సవరించింది.

ఆరంభం, విస్తరణ

ఫ్రాంక్లిన్‌లో కథ ఆసుపత్రి నుండి మొదలు కాలేదు. 1960వ దశకపు చివరి సంవత్సరాలలో స్థానిక సముదాయ బృందం ఒకటి హృదయ రక్తనాళ వ్యాధుల నివారణను తమ ప్రాంతపు ప్రాధాన్యంగా గుర్తించింది. లాభాపేక్ష లేని ఒక వైద్య బృందం, పేదల సంక్షేమానికి పనిచేసే సముదాయ సంస్థ, ఫార్మింగ్టన్ పట్టణంలోని ఆసుపత్రి చేతులు కలిపాయి. 1974లో రక్తపోటు కార్యక్రమం ఆరంభమైంది. నర్సులు, శిక్షణ పొందిన స్థానిక స్వచ్ఛంద కార్యకర్తలు కలిసి చర్చిలకు, పని స్థలాలకు, పట్టణ సభాభవనాలకు వెళ్ళి రక్తపోటు కొలిచారు. ఎక్కువగా ఉన్నవారిని వైద్యుని వద్దకు పంపారు. పంపి ఊరుకోలేదు, వెళ్ళారా లేదా, మందు వాడుతున్నారా లేదా అని మరల విచారించారు. ఈ మూడవ మెట్టు గురించి కొంత వివరంగా చెప్పుకోవలసి ఉన్నది.

1975లో ఫ్రాంక్లిన్‌లో అధిక రక్తపోటు ఉన్నవారిలో అది అదుపులో ఉన్నవారు 18.3 శాతం మాత్రమే. 1978 నాటికి ఆ సంఖ్య 43.0 శాతానికి చేరింది. మూడేళ్ళలో ఇంత మార్పు కేవలం శిబిరాల వలన రాదు. రక్తపోటు ఉన్నదని తెలియడం, వైద్యుని వద్దకు చేరడం, మందు మొదలుపెట్టడం, మానకుండా వాడడం, తుదకు అదుపులోకి రావడం ఇవన్నీ వేరువేరు మెట్లు. ప్రతి మెట్టు దగ్గరా కొందరు జారిపోతారు. ఎవరెట్ రోజర్స్ 1962లో ప్రకటించిన నవకల్పనల వ్యాప్తి సిద్ధాంతం చదివినవారికి ఇది తెలిసిన సంగతే. తెలుసుకోవడానికీ ఆచరించడానికీ మధ్య దూరముంటుంది. ఆచరించినవారిలోనూ కొంతకాలానికి విడిచిపెట్టేవారుంటారు. శ్రీవరి సాగును ఒక పంటకాలం చేసి మానేసిన రైతును మనం ఎరుగుదుము. ఒంట్లో బాగానే ఉన్నదని మాత్ర మానేసిన రోగి అతనికి తోబుట్టువు వంటివాడు. రక్తపోటుకు బాధ తెలియదు కనుక మానివేయడం మరింత సులువు. ఫ్రాంక్లిన్ నర్సులు ఈ జారుడు మెట్లను ఒక్కొక్కటిగా పట్టుకొన్నారు.

1986లో కొలెస్టరాల్ ఈ కార్యక్రమంలో చేరింది. ఆ సంవత్సరం ఎక్కువ కొలెస్టరాల్ ఉన్నవారిలో అదుపు సాధించినవారు 0.4 శాతం, 2010 నాటికి 28.9 శాతం. పొగాకు మాన్పించడం, ఆహారం, వ్యాయామం క్రమంగా తోడయ్యాయి. ఒక్క సమస్యతో మొదలుపెట్టి, దానిపై నమ్మకం కుదిరిన తరువాతనే రెండవ దానిని చేపట్టిన తీరు గమనించదగినది. ఒకే గ్రామంలో ఒకే ఏడాది పది సాంకేతికాలను ప్రదర్శించే మన కార్యక్రమ రూపకర్తలు దీనిపై కొంచెం ఆలోచించవచ్చు. నలభై ఏళ్ళలో ఈ కార్యక్రమాలు కౌంటీవాసులతో జరిపిన వ్యక్తిగత సంప్రదింపులు 1,50,000కు పైబడ్డాయి. ముప్పై ఒక్క వేలు దాటని జనాభాలో ఇది సామాన్యమైన సంఖ్య కాదు.

అంకెలను చదివే తీరు

కొలవడంలోనే ఈ అనుభవానికి నిజమైన బలమున్నది, పరిమితులూ ఉన్నాయి. 1970–1989 మధ్య ఫ్రాంక్లిన్‌లో, ఆదాయాన్ని బట్టి అంచనా వేసిన దాని కంటే లక్ష జనాభాకు ఏడాదికి 60.4 మరణాలు తక్కువగా నమోదయ్యాయి. 1990–2010 మధ్య 41.6 తక్కువ. విద్యార్థులు ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఈ లక్షను కౌంటీ పరిమాణానికి కుదించి చూడాలి. సుమారు 25,000 జనాభాకు 60.4 అనే రేటును అన్వయిస్తే ఏడాదికి దాదాపు 15 మరణాలు. ఒక్క ఏడాదిలో పదిహేను మరణాలు తగ్గితే అది కార్యక్రమ ఫలితమో, యాదృచ్ఛికమో ఎవరూ చెప్పలేరు. ఇరవై ఏళ్ళ పాటు అదే దిశలో తగ్గుతూ వస్తే మాట వేరు. చిన్న జనాభాలో ఓపిక కూడా గణాంక పద్ధతిలో భాగమే.

మన గ్రామానికి ఈ లెక్కను అన్వయిద్దాం. 3,000 జనాభా గల గ్రామంలో వెయ్యికి ఏడు చొప్పున ఏడాదికి 21 మరణాలు సంభవిస్తాయని అనుకొందాం. ఏ మార్పూ లేకుండానే, కేవలం యాదృచ్ఛికంగా, ఈ సంఖ్య ఒక ఏడాది 12కు దిగవచ్చు, మరొక ఏడాది 30కి ఎక్కవచ్చు. అందువలన ఒక్క గ్రామపు ఒక్క ఏటి లెక్కను చూపి విజయమనో వైఫల్యమనో ప్రకటించే నివేదికలను విద్యార్థులు అనుమానంతో చదవడం మంచిది. పలు గ్రామాలను కలిపి, పలు సంవత్సరాలను కలిపి చూడాలి. లేదా మరణాల వంటి అరుదైన సంఘటనలకు బదులు రక్తపోటు అదుపు వంటి, త్వరగా మారే సూచికలను ఎన్నుకోవాలి. ఫ్రాంక్లిన్‌లో రెండూ చేశారు.

1994–2006 మధ్య కౌంటీవాసుల ఆసుపత్రి చేరికలు అంచనా కంటే వెయ్యి జనాభాకు 17 తక్కువ. దాని వలన ఆసుపత్రి బిల్లుల మొత్తంలో ఏడాదికి 54,50,362 డాలర్ల తగ్గుదల ఉన్నట్లు పరిశోధకులు గణించారు. ఆసుపత్రి భాగస్వామిగా ఉండి తన పడకలు ఖాళీ చేసే కార్యక్రమానికి తానే తోడ్పడిందన్నమాట. ఇందులో ఉన్న ఆర్థిక చిక్కు చిన్నది కాదు. చికిత్సకు రుసుము వచ్చే చోట నివారణకు ఎవరు చెల్లిస్తారనే ప్రశ్న అక్కడా తెగలేదు, ఇక్కడా తెగలేదు.

పొగాకు విషయం మరొక పాఠం చెబుతుంది. పొగ తాగేవారిలో మానివేసినవారి శాతం ఫ్రాంక్లిన్‌లో 48.5 నుండి 69.5కు పెరిగింది. 1996–2000 మధ్య ఇది అంచనా కంటే 11.3 శాతం అధికం. ఆ తరువాత ఈ ఆధిక్యం కనుమరుగైంది. ఫ్రాంక్లిన్ వెనుకబడడం దీనికి కారణం కాదు. పొగాకు కంపెనీల పరిహార ధనంతో రాష్ట్రమంతటా నియంత్రణ చర్యలు బలపడి మిగిలిన కౌంటీలు కూడా అందుకొన్నాయి. పక్క ఊళ్ళు కూడా మెరుగుపడినప్పుడు మన ఊరి ప్రత్యేకత పోవడం నష్టం కాదు. కాని తులనాత్మక అధ్యయనంలో అది ప్రభావం లేనట్లు కనిపిస్తుంది. నియంత్రణ గ్రామాలతో పోల్చే విస్తరణ పరిశోధనలన్నిటికీ ఈ చిక్కు ఉన్నది.

ఇది యాదృచ్ఛిక కేటాయింపుతో జరిగిన ప్రయోగం కాదు. ఒక్క కౌంటీ, అదీ తనంతట తాను ముందుకు వచ్చిన కౌంటీ. అక్కడి ప్రజల పొందిక, విశ్వవిద్యాలయ శాఖ ఉన్న చిన్న పట్టణపు వాతావరణం, నలభై ఏళ్ళు నిలిచిన కొద్దిమంది వైద్యుల, నర్సుల పట్టుదల ఈ ఫలితాలలో ఎంత పాలు పంచుకొన్నాయో విడదీయడం కష్టం. ప్రచురణకర్తలు కూడా కార్యకారణ సంబంధాన్ని ఖండితంగా ప్రకటించలేదు. అయినా రక్తపోటు అదుపు, పొగాకు, ఆసుపత్రి చేరికలు, మరణాలు నాలుగూ ఒకే దిశలో కదలడం తోసిపుచ్చదగినది కాదు.

మదింపు చట్టంగా మారిన తరువాత

2010 నాటి ఆరోగ్య సంరక్షణ చట్టం ద్వారా, పన్ను మినహాయింపు పొందే లాభాపేక్షరహిత ఆసుపత్రులు మూడేళ్ళకు ఒకసారి తమ సముదాయపు ఆరోగ్య అవసరాలను మదింపు చేసి, అమలు ప్రణాళిక ప్రకటించాలని అమెరికాలో నిబంధన వచ్చింది. పాటించని ఆసుపత్రికి 50,000 డాలర్ల పన్ను విధింపు ఉన్నది. మెయిన్‌లో ఆసుపత్రి వ్యవస్థలు, రాష్ట్ర ప్రజారోగ్య విభాగం కలిసి కౌంటీలవారీగా ఉమ్మడి మదింపు నిర్వహిస్తున్నాయి. అదే 2010లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం కౌంటీల ఆరోగ్య స్థానాలను ఏటా ప్రకటించడం ఆరంభించింది. ఆ నమూనాలో సామాజిక, ఆర్థిక అంశాలకు 40 శాతం, ఆరోగ్య అలవాట్లకు 30 శాతం, వైద్య సేవలకు 20 శాతం, భౌతిక పరిసరాలకు 10 శాతం బరువు ఇచ్చారు. వైద్య సేవల వాటా ఐదవ వంతు మాత్రమే. మిగిలిన నాలుగు వంతులలో ఆదాయం, విద్య, ఆహారం, నీరు ఉన్నాయి. ఇవి విస్తరణ కార్యకర్త రోజూ తిరిగే క్షేత్రాలు.

చట్టం వచ్చిన చోట పత్రాలు పెరుగుతాయి. మూడేళ్ళకోసారి నివేదిక సమర్పించడమే లక్ష్యమైతే సముదాయం సంతకాలకు పరిమితమవుతుంది. ఫ్రాంక్లిన్ వారు మొదలుపెట్టిన నాడు ఏ చట్టమూ వారిని ఆజ్ఞాపించలేదు.

మన దగ్గర

ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో 2003–04లో జరిగిన మరణాల అధ్యయనాన్ని ఇక్కడ తలచుకోవాలి. సుమారు 1,80,000 జనాభాలో ఏడాది కాలంలో 1,354 మరణాలు నమోదయ్యాయి. వైద్యులు కాని ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి కుటుంబసభ్యులను ప్రశ్నించగా, ఆ సమాధానాలను బట్టి వైద్యులు మరణ కారణాన్ని నిర్ణయించారు. 32 శాతం మరణాలకు గుండె, రక్తనాళ వ్యాధులు కారణమని తేలింది. అంటువ్యాధుల వాటా సుమారు 12 శాతమే. పచ్చని డెల్టా పల్లెలలో ప్రాణాలు తీస్తున్నది ఫ్రాంక్లిన్ వారు 1970లలో ఎదుర్కొన్న శత్రువే. తెలుగు నేలపై ఇంత స్పష్టమైన మదింపు జరిగి రెండు దశాబ్దాలు గడిచాయి.

వ్యవస్థల కొరత మనకు లేదు. జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ 2005లో ఆరంభమైన తరువాత గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ కమిటీలు ఏర్పడ్డాయి. ఒక్కొక్క రెవిన్యూ గ్రామానికి ఏటా 10,000 రూపాయల వరకు షరతులు లేని నిధి నిర్దేశించబడింది. ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం, అంగన్‌వాడీ కార్యకర్త, మహిళా స్వయం సహాయక సంఘాలు ప్రతి ఊరిలో ఉన్నాయి. వీటికి తోడు వ్యవసాయ పట్టభద్ర విద్యార్థులు గ్రామీణ అనుభవ కార్యక్రమంలో భాగంగా పల్లెలలో నివసించి, భాగస్వామ్య గ్రామీణ విశ్లేషణ చేస్తారు. ముగ్గుపిండితో వీధులు గీస్తారు, చెరువు, బావి, బడి గుర్తిస్తారు, పంటల కాలపట్టిక తయారు చేస్తారు. ఆ పటాలు చాలావరకు కళాశాల గోడలకు చేరుతాయి కాని పంచాయతీ కార్యాలయపు గోడకు చేరవు. సమాచారమిచ్చిన వారికే ఆ సమాచారం తిరిగి అందకపోతే అది మదింపు కాదు, సేకరణ మాత్రమే.

దీనిని మార్చడానికి పెద్ద నిధులు అక్కరలేదు. విద్యార్థులు గీసే గ్రామ పటంలోనే తాగునీటి వనరుతో పాటు, రక్తపోటు, మధుమేహం మందులు ఊళ్ళో ఎక్కడ దొరుకుతున్నవి, పురుగుమందు కొట్టే కూలీలు చేతులు కడుగుకొనేది ఎక్కడ అనే రెండు గుర్తులు చేర్చవచ్చు. కాలపట్టికలో పంట పనులకు ఎదురుగా ఆసుపత్రి ప్రయాణాలు వాయిదా పడే నెలలను రాయించవచ్చు; నాట్లు, కోతల కాలంలో మందుల కోసం వెళ్ళక రోజులు గడిపే కుటుంబాలు ఏ ఊరిలోనైనా కనిపిస్తాయి. వ్యక్తుల పేర్లు, రోగ వివరాలు మాత్రం బహిరంగ పటంలో చేరరాదు. అవి ఏఎన్‌ఎం పుస్తకంలోనే ఉండాలి. విద్యార్థి బృందం వెళ్ళిపోయే ముందు ఆ పటపు ప్రతిని గ్రామ ఆరోగ్య కమిటీకి అప్పగించి, మరుసటి ఏడాది అదే గ్రామానికి వచ్చే బృందం దానితోనే పని మొదలుపెట్టేలా కళాశాల ఏర్పాటు చేయవచ్చు. ప్రస్తుతం గ్రామాలను ఏటేటా మార్చే ఆనవాయితీ దీనికి అడ్డు. ఐదేళ్ళ పాటు ఒకే గ్రామ సమూహాన్ని ఎన్నుకొంటే, మూడవ ఏటికి పోల్చిచూడడానికి తొలి అంకెలు చేతికి వస్తాయి.