రెండో ‘టు’ ఎప్పుడు కావాలి?

పిల్లలు చదవడానికీ, రాయడానికీ బడికి వస్తారు అంటాం. ఈ తెలుగు వాక్యంలో రెండు మాటలకూ చివర గుర్తు ఉంది. ఇంగ్లీషులో ఆ గుర్తు ‘టు’. అది క్రియకు ముందు వస్తుంది. ‘చిల్డ్రన్ కమ్ టు రీడ్ అండ్ రైట్’ అంటే చాలు. ‘అండ్’ కలుపుతుంది గనుక ఒక్క ‘టు’ రెండు క్రియలకూ సరిపోతుంది.

అయితే ‘నాట్’ ఉన్నచోట జాగ్రత్త! బళ్లారిలోనైనా, హోసూరులోనైనా ఒప్పంద పత్రాలు ఇంగ్లీషులో చేతికొస్తుంటాయి. అందులో ‘ఐ అగ్రీ నాట్ టు సెల్ ద ల్యాండ్ అండ్ పే ద ట్యాక్స్’ అని ఉందనుకోండి. భూమి అమ్మను, పన్ను కడతాను అని మీ ఉద్దేశం. కాని ‘నాట్’ రెండింటికీ వర్తించి, పన్ను కూడా కట్టననే అర్థం రావచ్చు. ‘అండ్ టు పే’ అని రెండో ‘టు’ చేర్చండి, చిక్కు విడిపోతుంది.

అమ్మను, కౌలుకూ ఇవ్వను అని రెండూ కాదనాలంటే? అప్పుడు ‘నాట్ టు సెల్ ఆర్ లీజ్’ అని ‘ఆర్’ వాడాలి.

సంతకానికి ముందు వాక్యాన్ని ఒకసారి పైకి చదవండి. ‘నాట్’ ఎక్కడిదాకా పోతోందో చూసుకోండి.