ఒత్తిడి మూత్రస్రావం: పరికరాల బిల్లింగులో నమోదుల పాత్ర

దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, బరువెత్తినప్పుడు స్త్రీకి తన ప్రమేయం లేకుండానే మూత్రం జారిపోయే స్థితిని వైద్యులు స్ట్రెస్ ఇన్‌కాంటినెన్స్ అంటారు. ఇక్కడ ‘స్ట్రెస్’ అంటే మానసిక ఆందోళన కాదు, పొత్తికడుపులో పెరిగే భౌతికమైన ఒత్తిడి. అమెరికా వైద్య బిల్లింగులో దీని ఐసీడీ-10 కోడ్ ఎన్39.3. తొందర పుట్టి ఆపుకోలేకపోయే రకానికి ఎన్39.41, రెండూ కలిసి ఉంటే ఎన్39.46. హైదరాబాదులో అమెరికా బిల్లులపై పనిచేసే మెడికల్ కోడర్లకు ఈ సంఖ్యలు పరిచితాలే. చిక్కంతా పరికరాల దగ్గర మొదలవుతుంది.

యోనిలో అమర్చే పెసరీ వీటిలో సరళమైనది. రబ్బరుదైతే ఏ4561, రబ్బరు కానిదైతే ఏ4562. నేటి పెసరీలు ఎక్కువగా సిలికాన్‌వి కనుక రెండవదే తరచుగా అవసరమవుతుంది. కొలత చూసి అమర్చే పనికి వేరే కోడ్, 57160, ఉంది. ఒకటి వస్తువు ధర, మరొకటి నైపుణ్యానికి చెల్లింపు. అయితే పాత పెసరీనే తీసి, శుభ్రపరచి, మళ్ళీ పెట్టినప్పుడు 57160 వేయరాదు. అది సాధారణ వైద్య సందర్శన కిందికే వస్తుంది.

కటి కండరాలకు విద్యుత్ ప్రేరణ ఇచ్చే బాహ్య యంత్రం, ఈ0740, విషయంలో మెడికేర్ నిబంధన కఠినమైనది. రోగి మానసికంగా గ్రహణశక్తి కలిగి ఉండాలి. వైద్యుడు నిర్దేశించిన కటి కండరాల వ్యాయామాలను 4 వారాలు పూర్తిచేసినా చెప్పుకోదగ్గ మెరుగుదల లేదని నమోదై ఉండాలి. ‘వ్యాయామం సూచించడమైనది’ అన్న ఒక్క వాక్యం ఇందుకు చాలదు. ఏ ప్రణాళిక, ఎప్పుడు ఆరంభం, ఫలితమేమిటి అన్నవి రికార్డులో కనిపించాలి. నెలంతా శ్రద్ధగా వ్యాయామం చేసిన స్త్రీ కూడా, చికిత్సాలయం వ్రాయని ఆ రెండు పంక్తుల వల్ల యంత్రం ఖర్చును తానే భరించవలసి రావచ్చు. నిబంధన ఉద్దేశం సమంజసమే. భారం మాత్రం వ్రాయవలసినవారి మీద కాక రోగి మీద పడుతోంది.

మూత్రనాళం చుట్టూ ఎక్కించే కృత్రిమ పదార్థానికి ఎల్8606. దీనిని 1 మిల్లీలీటరు సిరంజి చొప్పున లెక్కిస్తారు. ఎక్కించే ప్రక్రియకు 51715. స్లింగ్ శస్త్రచికిత్సకు 57288.

ఎక్కువమంది స్త్రీలు దైనందినంగా ఆశ్రయించే పీల్చుకునే ప్యాడ్లకు మాత్రం మూల మెడికేర్ చెల్లించదు. అనేక రాష్ట్రాల మెడికెయిడ్ పథకాలు తమ తమ పరిమితులకు లోబడి ఇస్తాయి. ఆ అర్హత లేని వృద్ధురాలికి ప్యాడ్ల ఖర్చు ప్రతి నెలా సొంత చేతి నుండే పోతుంది.