అమ్మ కోసం ఫోను: మధ్యరకం ఫోన్ల మంచిచెడ్డలు

ఇండియా ప్రయాణానికి టికెట్లు కొన్న మర్నాడే మన ఇళ్ళలో మొదలయ్యే చర్చ ఒకటుంది: "ఈసారి అమ్మకి ఏ ఫోను తీసుకెళ్దాం?" సూట్‌కేసులో బాదంపప్పు, విటమిన్ మాత్రలు, చాక్లెట్ల మధ్య ఒక కొత్త ఫోను డబ్బా ఉండటం ఆనవాయితీ అయిపోయింది. వెయ్యి డాలర్లు పెట్టడానికి చెయ్యి రాదు. పెట్టినా అమ్మ దాన్ని పట్టుచీరల కింద బీరువాలో దాచేస్తుంది. మరీ చవకది కొనడానికి మనసొప్పదు. అలా మన చూపు నాలుగైదు వందల డాలర్ల మధ్యరకం ఫోన్ల దగ్గర ఆగుతుంది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నానన్న పాపానికి మా ఊళ్ళో మనవాళ్ళు చాలామంది ఈ ప్రశ్న నన్ను అడుగుతుంటారు (కంప్యూటర్ చదివినవాడికి ఫోను, ప్రింటరు, టీవీ రిమోటు అన్నీ తెలుస్తాయని మనవాళ్ళ నమ్మకం). ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకసారి రాసేస్తే పోతుందనిపించింది.

ముందుగా నేను చేసిన పొరపాటు చెబుతాను. 2024 వేసవిలో తెనాలి నుంచి అమ్మ ఫోను. "ఒరేయ్ నాన్నా, బ్యాంకు యాప్ తెరుచుకోవట్లేదురా. ఏదో ఇంగ్లీషులో వస్తోంది" అంది. నాన్న ఫోనుతో దాన్ని ఫోటో తీయించి పంపమన్నాను. మీ ఫోనులో ఉన్న ఆండ్రాయిడ్ బాగా పాతది, దాని మీద మా యాప్ ఇక నడవదు అని దాని సారాంశం. ఆ ఫోను 2017 లో నేనే ఎంచి, కొని, తీసుకెళ్ళి ఇచ్చినది. కంపెనీ పేరు ఎందుకులెండి. అద్దం పగల్లేదు, కెమెరా పనిచేస్తోంది, బ్యాటరీ సాయంత్రం దాకా లాగుతోంది. మనిషి నిక్షేపంగా ఉండగానే రేషన్ కార్డులోంచి పేరు కొట్టేసినట్టు, ఆ కంపెనీ రెండేళ్ళకే అప్‌డేట్లు ఆపేసింది. నేను కొనేటప్పుడు మెగాపిక్సెళ్ళు చూశాను, ర్యామ్ చూశాను, రంగు కూడా చూశాను. అప్‌డేట్లు ఎన్నేళ్ళు ఇస్తారో మాత్రం చూడలేదు. పాలవాడి దగ్గర్నుంచి మందుల షాపు దాకా అన్నిటికీ యూపీఐ అలవాటైపోయిన మనిషి, "నువ్వు వచ్చేటప్పుడు తెద్దువులే, ఇక్కడ కొనొద్దు" అని పట్టుబట్టి, సంక్రాంతి దాకా నాన్న చేత బ్యాంకు నుంచి డబ్బు తెప్పించుకుని చిల్లర లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.

అందుకే ఈసారి ఎంపిక తలకిందులుగా మొదలుపెట్టాను. ముందు ఆయుష్షు, తరువాత అందచందాలు. అలా తేలినది గూగుల్ వారి పిక్సెల్ 8ఎ. 2024 మేలో 499 డాలర్లకు విడుదలైంది. 2025 ఏప్రిల్‌లో దాని తమ్ముడు 9ఎ కూడా వచ్చాడు. కానీ నేను దగ్గరుండి చూసినది 8ఎ కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. ఇక్కడ చెప్పే లెక్క ఏ మధ్యరకం ఫోనుకైనా వర్తిస్తుంది.

8ఎ కి ఏడేళ్ళు, అంటే 2031 మే దాకా, కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్లు, సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామని గూగుల్ చెప్పింది. అదే ఏడాది అమెరికాలో అదే 499 డాలర్ల దగ్గర మొదలైన వన్‌ప్లస్ 12ఆర్‌కి మూడు ఆండ్రాయిడ్ వెర్షన్లు, నాలుగేళ్ళ సెక్యూరిటీ అప్‌డేట్లు. సెక్యూరిటీ అప్‌డేట్ అంటే కొత్త సోకులు కాదు. ఫోను సాఫ్ట్‌వేర్లో బయటపడిన కంతల్ని పూడ్చడం. బ్యాంకు ఖాతా మొత్తం అరచేతిలో పెట్టుకుని తిరిగే పెద్దవాళ్ళకు ఇది తలుపు గడియలాంటిది. గడియ ఉంది కదా అని దొంగని మనమే లోపలికి పిలిస్తే అది ఏం చేయలేదనుకోండి. పెళ్ళి శుభలేఖ అని వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలును నొక్కి ఖాతాలు ఖాళీ చేసుకున్నవాళ్ళ సంగతి 2024 లో పత్రికల్లో చూసే ఉంటారు. ఆ జాగ్రత్త మనం విడిగా చెప్పాల్సిందే.

ఇక ధర ఎలా తగ్గించారు అన్నది అసలైన ప్రశ్న. కంపెనీలు దానధర్మాలు చేయవు కదా! 2023 అక్టోబరులో 699 డాలర్లకు వచ్చిన పిక్సెల్ 8 ని పక్కన పెట్టి చూస్తే గుట్టు తెలుస్తుంది. రెండిట్లోనూ ఒకటే ప్రాసెసర్, టెన్సర్ జి3. ఒకటే ర్యామ్, 8 జీబీ. అప్‌డేట్లూ అంతే. కోత పడింది పైపై సామగ్రిలో. 8 కి వెనక అద్దం, 8ఎ కి ప్లాస్టిక్కు. (నన్నడిగితే ఇది కోత కాదు, వరం. వెనక వైపు పగలడానికి ఏమీ లేదు.) ముందు వైపు అద్దం మాత్రం గొరిల్లా గ్లాస్ 3, అంటే 2013 నాటి సరుకు. ఇది నిజమైన లోపమే, పది డాలర్లు పెట్టి పైన ఇంకో అద్దం అంటించక తప్పదు. తెర చుట్టూ నల్లంచు కాస్త వెడల్పు, చీర బోర్డరులాగా. 8 లో వైరు ఛార్జింగ్ 27 వాట్లయితే ఇందులో 18 వాట్లే.

ప్రాసెసర్ వేగం గురించి గొడవ పడేవాళ్ళున్నారు. 12ఆర్‌లో ఉన్న స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 2 పరుగుపందెంలో టెన్సర్‌ని ఓడిస్తుంది, సందేహం లేదు. మీ అబ్బాయి గేములాడటానికి కొంటున్నట్టయితే 12ఆర్ వైపు చూడండి. వాట్సాప్, యూట్యూబులో ప్రవచనాలు, కరెంటు బిల్లు, మనవరాలితో వీడియో కాలు, వీటికి ఆ తేడా కనబడదు.

కెమెరా దగ్గర మాత్రం మనవాళ్ళందరూ మోసపోయే అంకె ఒకటుంది. 8ఎ లో ప్రధాన కెమెరా 64 మెగాపిక్సెల్. ఖరీదైన 8 లో 50. మరి చవకదాంట్లో పెద్ద కెమెరా ఎలా పెట్టారు? పెట్టలేదు. మెగాపిక్సెల్ అంటే సెన్సార్ మీద ఎన్ని గళ్ళున్నాయన్న లెక్క. ఒక్కో గడి ఎంత పెద్దదన్నది వేరే లెక్క. 8ఎ లో ఒక్కో గడి వెడల్పు 0.8 మైక్రాన్లు, 8 లో 1.2 మైక్రాన్లు. మొత్తం వైశాల్యం గుణించి చూస్తే 8 సెన్సార్ ముప్పాతిక వంతు పెద్దది. వాన కురిసేటప్పుడు వాకిట్లో 64 గ్లాసులు పెట్టినా, 50 బిందెలు పెట్టినవాడికే నీళ్ళు ఎక్కువ దొరుకుతాయి. కెమెరాకి వెలుగే నీళ్ళు. పైగా 8ఎ నాలుగేసి గళ్ళని ఒకటిగా కలిపి, చివరికి మీకిచ్చేది 16 మెగాపిక్సెళ్ళ ఫోటోయే.

అలాగని ఫోటోలు బాగోవనుకోకండి. పగటి వెలుగులో రెండిటికీ తేడా పట్టుకోవడం కష్టం. గూగుల్ వాళ్ళు 2021 లో పిక్సెల్ 6 తో తెచ్చిన రియల్ టోన్ అనే పద్ధతి ఇందులోనూ ఉంది. దాని వల్ల మన చామనచాయ ముఖాలు సున్నం కొట్టినట్టు తెల్లగా కాకుండా మన ముఖాల్లాగే వస్తాయి. గ్రూపు ఫోటోలో ఒక బాబాయి కళ్ళు మూసుకుంటే, పక్క ఫోటోలోంచి కళ్ళు తెరిచిన బాబాయిని తెచ్చి అతికించే సదుపాయం కూడా ఉంది (ఇది ఫోటోనా, కల్పనా అని మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది). చిక్కు ఎక్కడంటే, దూరం నుంచి తీయడానికి వేరే లెన్సు లేదు. కల్యాణమండపంలో చివరి వరసలో కూర్చుని తలంబ్రాలు తీయాలంటే బొమ్మ పలచబడిపోతుంది. లేచి ముందుకు వెళ్ళాల్సిందే.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, ప్రకటనల్లో ఎవరూ పెద్దక్షరాలతో వేయనిది, బ్యాటరీ. సాఫ్ట్‌వేర్ ఏడేళ్ళు. మరి బ్యాటరీ? గూగుల్ వారి లెక్క ప్రకారమే 8ఎ, దాని తరువాతి ఫోన్లలో బ్యాటరీ సుమారు వెయ్యి సైకిళ్ళ తరువాత 80 శాతం దాకా సామర్థ్యం నిలుపుకోవాలి. సైకిల్ అంటే వంద శాతం వాడకం. ఇవాళ సగం, రేపు సగం వాడితే రెండు రోజులకి ఒక సైకిల్. రోజుకొక సైకిల్ చొప్పున వెయ్యి సైకిళ్ళంటే మూడేళ్ళ లోపే. అంటే ఏడేళ్ళు బతకాల్సిన ఫోనుకి దారిలో ఒకసారి, బహుశా రెండుసార్లు, గుండె మార్చాలి. ఆ ఖర్చూ శ్రమా కలుపుకునే ధర చూసుకోవాలి.

ఇది ఊహాగానం కాదు. 2025 లోనే గూగుల్ పాత ఎ ఫోన్ల బ్యాటరీలతో నానా తంటాలు పడింది. కొన్ని 7ఎ ఫోన్లలో బ్యాటరీ ఉబ్బుతోందని ఏప్రిల్‌లో ఉచితంగా మార్చే ఏర్పాటు ప్రకటించింది. జూలైలో 6ఎ కి తప్పనిసరి అప్‌డేట్ పంపి, 400 సైకిళ్ళు దాటినవాటిలో వేడెక్కే ప్రమాదం తగ్గించడానికి బ్యాటరీ సామర్థ్యాన్నే తగ్గించింది. 9ఎ లో అయితే 200 సైకిళ్ళ నుంచి వెయ్యి దాకా వోల్టేజిని మెట్టుమెట్టుగా దించే ఏర్పాటు పుట్టుకతోనే ఉంది, అది వద్దన్నా ఆగదు. ఇంజనీరుగా నాకది సబబుగానే అనిపిస్తుంది, కొన్నవాడిగా మాత్రం కాస్త మంట. మీ ఇంట్లో 6ఎ, 7ఎ ఉంటే, ముఖ్యంగా ఇండియాలో పెద్దవాళ్ళ చేతిలో ఉంటే, ఆ నంబరుకి ఏమైనా వర్తిస్తుందేమో గూగుల్ సపోర్ట్ పేజీలో ఒకసారి చూడండి.

దీనికి మన ఎండలు తోడవుతాయి. పిక్సెల్ ఫోన్లను 0 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ మధ్య వాడమని కంపెనీయే చెబుతుంది. మన పల్నాడులో, రెంటచింతల వైపు, మే నెలలో 45 ఎప్పుడు దాటుతుందా అని ఎదురుచూస్తుంటారు! వేడిలో లిథియం బ్యాటరీ తొందరగా ముసలిదవుతుంది. వేడిలో నిండుగా ఛార్జి చేసి ఉంచితే మరీ తొందరగా. మధ్యాహ్నం కిటికీ పక్కన, దిండు కింద ఛార్జింగ్ పెట్టే అలవాటు మాన్పించగలిగితే ఎనిమిది వందల డాలర్ల ఫోను కొన్నదానికంటే ఎక్కువ మేలు. ఈ విషయంలో 18 వాట్ల నిదానపు ఛార్జింగ్, లోపమని అందరూ రాసేది, నాకు లోపంగా తోచదు. నిదానంగా తాగితే ఒళ్ళు అంతగా వేడెక్కదు.

జేబుకి సంబంధించిన మాట కూడా చెప్పుకోవాలి. విడుదలైనప్పుడు ఇండియాలో 8ఎ ధర 52,999 రూపాయలు. అప్పటి మారకంలో 499 డాలర్లంటే దాదాపు 41,600. ఇక్కడి సేల్స్ టాక్సు కలిపితే మిగిలేది ఏడెనిమిది వేలు. ఆ మిగులు కోసం ఇక్కడ కొన్న ఫోనుకి అక్కడ వారంటీ వర్తిస్తుందా, బ్యాటరీ మార్చే సర్వీస్ సెంటర్ మీ ఊరికి ఎంత దూరం అన్నవి ముందే అడిగి తెలుసుకోండి. సెల్ కంపెనీ దగ్గర వాయిదాల మీద కొన్నదైతే లాక్ తీయించుకోకుండా విమానం ఎక్కకండి. ఇంకొకటి, 2022 లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకు సిమ్ పెట్టే చోటే లేదు, అంతా ఈసిమ్. ఊళ్ళో సిమ్ కార్డు అటూ ఇటూ మార్చుకునే పెద్దవాళ్ళకి అదొక తలనొప్పి. 8ఎ లో మామూలు సిమ్ ఒకటి, ఈసిమ్ ఒకటి పడతాయి. యూపీఐ నమోదుకి బ్యాంకులో ఇచ్చిన నంబరు సిమ్ ఆ ఫోనులోనే ఉండి, దాంట్లోంచి ఎస్సెమ్మెస్ వెళ్ళాలి కాబట్టి, మీరు అక్కడ ఉన్న నాలుగు రోజుల్లోనే ఆ పని పూర్తిచేసి రండి.

మెమరీ కార్డు పెట్టే వీలు లేదు కనుక 128 జీబీ బదులు 60 డాలర్లు ఎక్కువ పోసి 256 తీసుకున్నాను. రోజూ పొద్దున్నే వచ్చే శుభోదయం బొమ్మల ధాటి తెలిసినవాళ్ళు ఎందుకని అడగరు. ఇంటిపనితో వేళ్ళు అరిగినవాళ్ళకి వేలిముద్ర ఒక్కోసారి పట్టదు. అదే వేలిని రెండుసార్లు నమోదు చేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

2025 సంక్రాంతికి వెళ్ళినప్పుడు అన్నీ అమర్చి, అక్షరాలు పెద్దవి చేసి, 2024 డిసెంబరులో కొత్తగా వచ్చిన 80 శాతం ఛార్జింగ్ పరిమితి కూడా పెట్టి వచ్చాను. వారం తిరక్కుండానే అమ్మ ఫోను. "ఎంతసేపు పెట్టినా ఎనభై దగ్గరే ఆగిపోతోందిరా. కొత్త ఫోను అప్పుడే చెడిందేమో, బీరువాలో పెట్టేశాను." మళ్ళీ బయటికి తీయించడానికి నలభై నిమిషాలు పట్టింది.